మహమ్మారి వచ్చి బడి మూసేస్తే: పిల్లలు ఒకరికొకరు దూరం కాకుండా చూసుకునే పద్ధతి

కరోనా వల్ల 2020 మార్చి 16న తెలంగాణలో, 19న ఆంధ్రప్రదేశ్‌లో బడులు మూసేశారు. నెలాఖరు దాకా సెలవులే కదా అనుకుని పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. తెలంగాణలో తొమ్మిది, పది తరగతుల వాళ్లు మళ్లీ గదిలో కూర్చున్నది 2021 ఫిబ్రవరి 1న. ప్రైమరీ పిల్లలైతే ఆ ఏడాది సెప్టెంబర్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్ల, రెండో తరగతికి వచ్చాక గానీ బడి గంట వినలేదు.

పాఠాల కోసం ఏర్పాట్లు జరిగాయి. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో తరగతుల వారీగా పాఠాలు వచ్చాయి. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. లోపాలున్నా, పాఠం సంగతి చూడటానికి ఒక శాఖ ఉంది, టైంటేబుల్ ఉంది. బడిలో పాఠం కాక ఇంకా చాలా ఉంటుంది. ప్రేయర్‌లో పక్కన నిలబడే స్నేహితురాలు, గుడ్డు పెట్టే రోజు వరసలో తోసుకోవడం, సాయంత్రం గ్రౌండ్‌లో కబడ్డీ, హాజరు పలికేటప్పుడు రోజూ ఒక పెద్దమనిషి తన పేరు పిలవడం. వీటిని చూసుకునే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నది అక్కడేనని నా నమ్మకం.

ఈ మార్గదర్శి ఆ పని కోసమే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల టీచర్లు, హెడ్‌మాస్టర్లు (హెచ్‌ఎంలు), తల్లిదండ్రుల కమిటీ సభ్యులు, ఊళ్లో ఉండే పూర్వ విద్యార్థులు దీన్ని వాడుకోవచ్చు. చిన్న ప్రైవేటు బడికీ సరిపోతుంది. కరోనా అంత పెద్దది రానక్కర్లేదు. 2023 సెప్టెంబర్‌లో నిపా వైరస్ వచ్చినప్పుడు కేరళ కోజికోడ్ జిల్లాలో కొన్ని రోజులపాటు బడులు మూసేశారు. అలాంటి చిన్న మూతకైనా ఇందులో మొదటి మూడు పనులు చేయాల్సిందే.

మొత్తం పనికి కొలమానం ఒక్కటే పెట్టుకోండి. వారం పూర్తయ్యేసరికి బడిలోని ప్రతి పిల్లా ఒక పెద్దవారితో, ఒక తోటి పిల్లతో మాట్లాడి ఉండాలి. ఎన్ని వీడియోలు పంపామన్నది, ఎంతమంది గ్రూపులో ఉన్నారన్నది లెక్కలోకి రాదు.

మొదటి పని: ఫోన్ల పుస్తకం

బడి మూసే వార్త రాగానే, పిల్లలు ఇంకా గదుల్లో ఉండగానే చేయాల్సిన పని ఇది. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న నంబర్లను నమ్ముకోవద్దు. చాలావరకు పాతబడిపోయి ఉంటాయి, రీఛార్జ్ లేక ఆగిపోయి ఉంటాయి, లేదా పేరు రాయించిన మేనమామవి అయి ఉంటాయి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని కొత్తగా రాయండి.

తరగతి వారీగా కాకుండా ఆవాసం వారీగా రాయడం ముఖ్యం. బడి నడుస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి ఒక గుంపు. మూతపడ్డాక ఎస్సీ కాలనీ ఒక గుంపు, తండా ఒక గుంపు, చెరువు అవతలి గూడెం ఒక గుంపు. రేపు పుస్తకం అందించాలన్నా, కబురు పంపాలన్నా వీధి లెక్కే పనికొస్తుంది.

పిల్ల పేరు, తరగతి పక్కన ఇవి రాసుకోండి: ఆ ఫోన్ ఎవరిది, పెద్ద ఫోనా కీప్యాడ్ ఫోనా, ఏ సమయంలో ఇంట్లో ఉంటుంది, పక్కింటి వాళ్ల నంబర్, పగలు ఇంట్లో ఉండే పెద్ద ఎవరు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. తల్లిదండ్రులు హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్తే నాయనమ్మ దగ్గర ఉండే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. లాక్‌డౌన్‌లో వాళ్ల అమ్మానాన్నలు దారిలో చిక్కుకుపోయారు. ఆ పిల్లలు ఎవరో మనకు ముందే తెలిసి ఉంటే, మొదటి ఫోన్ వాళ్లకే వెళ్తుంది.

ఫోన్ ఇంట్లో ఉండే సమయం రాయమనడానికీ కారణం ఉంది. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే ప్రకారం, మన దేశంలోని గ్రామాల్లో బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020 నాటికి 61.8 శాతం. పెరిగిన మాట నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం, పిల్ల చేతిలో ఫోన్ ఉండటం ఒకటి కాదు. ఉదయం ఏడింటికి నాన్న జేబులో ఆటోతోపాటు వెళ్లిపోయే ఫోన్ రాత్రి ఎనిమిదింటికి వస్తుంది. ఆ ఇంటికి పొద్దున పదకొండింటికి జరిగే ఆన్‌లైన్ క్లాసు అసలు లేనట్టే.

ఈ పుస్తకం రెండు ప్రతులు ఉండాలి. ఒకటి హెచ్‌ఎం దగ్గర, ఒకటి ఊళ్లోనే నివాసం ఉండే టీచర్ దగ్గర. ఎవరింట్లో జబ్బు ఉంది, ఎవరింట్లో గొడవలున్నాయి లాంటివి అందులో రాయకండి. చేతులు మారే పుస్తకం అది.

రెండో పని: వారానికో ఫోన్

స్టాఫ్ మీటింగ్ పెట్టి పిల్లల్ని పంచుకోండి. సబ్జెక్టుతో సంబంధం లేదు. లెక్కల మాస్టారికి తండా వస్తే తండాలోని ఒకటి నుంచి పది దాకా అందరూ ఆయన పిల్లలే. ఆటల టీచర్‌ (పీఈటీ)కీ, క్రాఫ్ట్ టీచర్‌కీ వాటా ఇవ్వండి. పిల్లలతో మనసు విప్పి మాట్లాడించడంలో చాలా బడుల్లో వాళ్లే ముందుంటారు. సిబ్బంది చాలకపోతే పూర్వ విద్యార్థుల్లో తల్లిదండ్రులకు బాగా తెలిసిన ఒకరిద్దర్ని తీసుకోండి, ముందు కమిటీకి చెప్పి.

ఫోన్ చేసినప్పుడు పాఠం గురించి మొదట అడగొద్దు. "టీవీ పాఠం చూశావా?" అనగానే పిల్ల "చూశాను సార్" అంటుంది. మాట అక్కడితో అయిపోతుంది. "ఏం తిన్నావమ్మా ఇవాళ?" అని మొదలుపెట్టండి. తర్వాత, పొద్దున్నుంచి ఏం చేశావు, ఎవరితో ఆడుకున్నావు, ఇంట్లో అందరూ బాగున్నారా, నిద్ర పడుతోందా. ఈ నాలుగు మాటల్లో మనకు కావాల్సినవన్నీ తెలిసిపోతాయి. పొద్దున్నుంచి మిరప చేలో ఉన్నానని చెప్పే పిల్లాడిని అప్పటికప్పుడు మందలించకండి. మళ్లీ ఫోన్ ఎత్తడు.

పిల్ల కన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటం మర్యాద. "నమస్తే అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నాను, మీ పాపతో ఓ రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అంటే అనుమానం ఉండదు. ఆడపిల్లలకు ఫోన్ చేసే పని వీలైనంతవరకు మేడమ్‌లకే ఇవ్వండి. తల్లి పక్కన ఉన్నప్పుడే, పగటిపూటే మాట్లాడాలని స్టాఫ్ అంతా నియమం పెట్టుకోండి. పిల్ల నంబర్‌కు టీచర్లు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఇది టీచర్ల మీద అపనమ్మకంతో చెప్పేది కాదు. ఇంటివాళ్లు నిశ్చింతగా ఫోన్ ఇవ్వాలంటే ఇలాగే ఉండాలి.

వరసగా రెండు వారాలు ఫోన్ అందకపోతే పక్కింటికి చేయండి. అక్కడా తెలియకపోతే ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. వాళ్లు ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతుంటారు.

మూడో పని: పిల్లలకు పిల్లల్ని జత చేయడం

టీచర్ల ఫోన్ ఎంత ముఖ్యమో, నా దృష్టిలో ఇది అంతకన్నా ముఖ్యం. పిల్లలకు కావాల్సింది పిల్లలే. క్లాస్ టీచర్ ప్రతి పిల్లకూ ఒక జోడీ రాయాలి. అదే వీధిలో ఉంటే మంచిది, మాస్కు పెట్టుకుని అరుగు మీద దూరంగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. వీధులు వేరైతే ఫోన్ జోడీ. ఎలాగూ కలిసి తిరిగే ప్రాణ స్నేహితుల్ని మళ్లీ జోడీ చేయనక్కర్లేదు. మాట పెద్దగా కలవని పిల్లనీ, కలుపుగోలు పిల్లనీ కలపండి. ఆరో తరగతిలో కొత్తగా చేరిన వాళ్లకైతే అదే ఊరి ఏడో తరగతి వాళ్లను ఇవ్వండి. కొత్త బడిలో ఒక్క ముఖమూ తెలియకుండా ఏడాది గడిచిపోయిన పిల్లలున్నారు.

జోడీకి వారానికో చిన్న పని ఇస్తే మాటకు సాకు దొరుకుతుంది. "మీ జోడీ ఇంట్లో ఎవరు కథలు బాగా చెప్తారో కనుక్కుని రండి" లాంటిది చాలు. కీప్యాడ్ ఫోన్‌లో కూడా కాన్ఫరెన్స్ కాల్ కలుస్తుంది. నలుగురు పిల్లలు ఒకేసారి నవ్వుకోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

వాట్సాప్ గ్రూపు గురించి రెండు మాటలు. గ్రూపులో టీచర్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేస్తే అది నోటీసు బోర్డు అవుతుంది. దానికీ ఉపయోగం ఉంది, అలా ఒకటి ఉంచండి. పిల్లలు మాట్లాడుకునే గ్రూపు వేరుగా, తరగతికి ఒకటి, ఇద్దరు టీచర్లు ఉన్నది పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్‌లు బంద్. జబ్బు గురించి ఫార్వర్డ్‌లు ఎవరు పెట్టినా తీసేయాలి, మాస్టారు పెట్టినా సరే. వేడినీళ్లతో వైరస్ చస్తుందన్న రకం మెసేజ్‌లు టీచర్ల చేతుల మీదుగా వెళ్తే ఊరంతా నమ్ముతుంది.

నాలుగో పని: వారం పొడవునా ఏదో ఒకటి

ఇక్కడ తొందరపడి రోజుకు ఆరు గంటల ఆన్‌లైన్ క్లాసులు పెట్టిన బడులున్నాయి. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు సెషన్లు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలకు మించకూడదని ఉంది. తొమ్మిది నుంచి పన్నెండుకు నాలుగు సెషన్లు. పూర్వ ప్రాథమిక పిల్లలకు మొత్తం అరగంటే. ఈ పరిమితిని పాఠాలే మింగేస్తాయి. కాబట్టి కార్యక్రమాలన్నీ తెర లేకుండా నడిచేవే కావాలి. ఫోన్ వాటికి కబురు మోసేంత వరకే.

ప్రేయర్‌తో మొదలుపెట్టండి. రోజూ ఉదయం ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్. ప్రార్థన గీతం, ఆ రోజు వార్తలు రెండు, ఒక కొత్త మాట, ఆ రోజు పుట్టినరోజు ఉన్న పిల్లల పేర్లు. మాట్లాడేది పిల్లలే, రోజుకో తరగతి. వీడియో వద్దు. డేటా తినేస్తుంది, పైగా వెనక ఇల్లు కనిపిస్తుందని సిగ్గుపడే పిల్లలు తప్పుకుంటారు. గొంతు ఒక్కటే అయితే అందరూ ముందుకొస్తారు. పెద్ద ఫోన్లు తక్కువగా ఉన్న ఊళ్లో పంచాయతీ అనుమతితో గుడి మైకులోనో మసీదు మైకులోనో వినిపించొచ్చు. ఝార్ఖండ్ దుమ్కా జిల్లాలోని బన్‌కాఠీలో బడివాళ్లు ఊళ్లో అక్కడక్కడా లౌడ్‌స్పీకర్లు పెట్టి పాఠాలే చెప్పారు.

చేతిరాత పత్రిక రెండోది. బడిలో గోడపత్రిక ఉండేది కదా, దాన్ని నడిచే పత్రికగా మార్చండి. వీధికో నోటుపుస్తకం. ఒక ఇంట్లో రెండు రోజులు ఉంటుంది. ఆ పిల్ల ఒక పేజీ నింపి పక్కింటికి ఇస్తుంది. బొమ్మ కావొచ్చు, పొడుపుకథ, నానమ్మ చెప్పిన వంట, పొలంలో చూసిన పిట్ట, ఏదైనా. ముందువాళ్లు రాసిన పేజీకి ఒక వాక్యం జవాబు రాయాలన్న నియమం తప్పకుండా పెట్టండి. ఆ జవాబుల కోసమే పుస్తకం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. కాగితంతో జబ్బు వస్తుందేమోనని 2020 మొదట్లో అందరికీ భయం ఉండేది. కరోనా ముఖ్యంగా గాలి ద్వారా, దగ్గరగా మసలడం వల్ల వ్యాపిస్తుందని తర్వాత తేలింది. పుస్తకం ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కుంటే చాలు. రేపు వచ్చే జబ్బు వేరేదైతే పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

లైబ్రరీ పుస్తకాల్ని బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. సంచిలో పది పుస్తకాలు పెట్టి ఒక్కో ఆవాసంలో ఒక పెద్ద పిల్ల ఇంట్లో ఉంచండి. పోతే పోతాయి, చిరిగితే చిరుగుతాయి. దానికి టీచర్ డబ్బులు కట్టాల్సి వస్తుందన్న భయం ఉంటే ఆ పని ఎవరూ చేయరు కాబట్టి, హెచ్‌ఎం ముందే కమిటీలో తీర్మానం రాయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో 'చదవడం మాకిష్టం' పేరుతో, తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో వంద రోజుల పఠన కార్యక్రమంగా ఇలాంటి ప్రయత్నాలు ప్రభుత్వాలే చేశాయి. అవి ఆదేశంగా వచ్చిన కొన్ని నెలలు నడుస్తాయి. సంచి మాత్రం ఆదేశం లేకపోయినా నడుస్తుంది.

సైన్స్ కోసం వేర్వేరు ఇళ్ల నుంచి ఒకే సమయంలో చేసేవి ఎంచుకోండి. కలిసి చేశామన్న తృప్తి ఉంటుంది. నీడ మాయమయ్యే రోజు అందుకు చక్కటి ఉదాహరణ. హైదరాబాద్‌లో ఏటా మే 9న, మళ్లీ ఆగస్టు 3న, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలువుగా పెట్టిన కర్రకు నీడ పడదు. దక్షిణానికి వెళ్లేకొద్దీ మొదటి తేదీ ఇంకా ముందే వస్తుంది, రెండోది ఇంకా ఆలస్యంగా వస్తుంది. పిల్లలు తమ వాకిట్లో ఒక సీసా పెట్టి, మూడు నాలుగు రోజులపాటు మధ్యాహ్నం నీడ పొడవు కొలిచి రాసుకుంటే మా ఊళ్లో ఏ రోజో వాళ్లే తేలుస్తారు. బంధువుల ఊళ్లో ఇరుక్కుపోయిన పిల్లలు అక్కడి కొలతలు పంపితే పాఠం ఇంకా పండుతుంది. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మరీ మరీ చెప్పండి. మబ్బు పడితే వాన కొలవండి, అదీ సైన్సే.

ఊరి చరిత్ర రాయించడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. తాతలు, అమ్మమ్మలు ఇంట్లోనే ఉన్నారు. చెరువు ఎవరు తవ్వించారు, బడి కట్టక ముందు చదువు ఎక్కడ జరిగేది, దివిసీమ ప్రాంతమైతే 1977 నవంబర్ ఉప్పెనలో ఏం జరిగింది. ఇంతకుముందు కలరా, మశూచి వచ్చినప్పుడు ఊరు ఎలా తట్టుకుందని అడగమనండి. పోచమ్మ జాతరలు, గ్రామదేవతల పండుగలు ఎక్కడినుంచి వచ్చాయో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. తమకే వచ్చిన కష్టం కాదు, ముందువాళ్లూ దాటారు అన్న ధైర్యమూ వస్తుంది.

ఆటల విషయంలో పీఈటీకి పూర్తి స్వేచ్ఛ ఇవ్వండి. కబడ్డీ, ఖోఖో కుదరవు. తాడు ఆట, తొక్కుడుబిళ్ల, సూర్య నమస్కారాలు ఒంటరిగా ఆడొచ్చు, ఎవరికి ఎన్ని వచ్చాయో వారం చివర చెప్పుకోవచ్చు. ఇంట్లోవాళ్లతో వామనగుంటలు, అష్టాచెమ్మా, పులి-మేక. ఆ ఆటల నియమాలు పిల్లలతో రాయించి పత్రికలో పెట్టించండి.

పండుగ రోజులు వదలొద్దు. ఆగస్టు 15న ఉదయం ఒక సమయం అనుకుని ఎవరి వాకిట్లో వాళ్లు నిలబడి జనగణమన పాడితే వీధి వీధంతా వినిపిస్తుంది. నవంబర్ 14, సంక్రాంతి ముగ్గులు, బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ అన్నింటికీ ఏదో ఒకటి చేయొచ్చు. పోటీలు పెట్టి బహుమతులు మాత్రం వద్దని నా సలహా. ఇంట్లో రంగులు లేని పిల్ల ముందే ఓడిపోతుంది.

ఐదో పని: కొద్దిమందిగా కలవడం, అనుమతి ఉన్నప్పుడే

ఎంత చేసినా ముఖాముఖి కలవడానికి సాటి రాదు. అయితే ఆశతో పాటు భయమూ సమానంగా ఉండాల్సిన పని ఇది. దుమ్కా జిల్లాలోనే డుమర్థర్ అనే ఊళ్లో టీచర్లు ఇళ్ల మట్టిగోడల మీద, ఒక్కో పిల్లకు ఒక్కోటి, దూరం దూరంగా నల్లబల్లలు గీయించారు. పిల్లలు ఎవరి బల్ల ముందు వాళ్లు కూర్చుంటే మాస్టారు మైకులో పాఠం చెప్పారు. ఆ పద్ధతి దేశమంతా పేరు తెచ్చుకుంది. మరోవైపు కర్ణాటకలో విద్యాగమ పేరుతో గుళ్లలో, అరుగుల మీద, చెట్ల కింద తరగతులు నడిచాయి. మంచి ఆలోచనే. కానీ పిల్లలకు, టీచర్లకు కరోనా సోకిందన్న వార్తలు రావడంతో 2020 అక్టోబర్‌లో ఆపేయాల్సి వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి నేను చెప్పే నియమాలివి. మండల విద్యాధికారి (ఎంఈఓ)కి, పంచాయతీకి, ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం)కి ముందే చెప్పాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలి. గది వద్దు, ఆరుబయటే. గుంపు చిన్నదిగా ఉండాలి, ఎప్పుడూ అదే పిల్లలు ఉండాలి, వీధి మారకూడదు. మనిషికీ మనిషికీ ఆరడుగులు, అందరికీ మాస్కు. నానమ్మ తాతయ్యలతో ఉండే పిల్లలు, ఇంట్లో జబ్బుపడిన వాళ్లున్న పిల్లలు రానక్కర్లేదు. వాళ్లకు ఫోన్, పత్రిక ఎలాగూ ఉన్నాయి. టీచర్ ఒకే రోజున నాలుగు వీధులు తిరగకూడదు, ఎందుకంటే అప్పుడు జబ్బును మోసేది టీచరే. ఇక ఎప్పుడు ఆపాలో మొదలుపెట్టకముందే రాసుకోండి. వీధిలో ఒక్క కేసు వచ్చినా రెండు వారాలు బంద్ అని కాగితం మీద ఉంటే, ఆ రోజు వచ్చినప్పుడు వాదన ఉండదు.

ఆరో పని: తిండి, పని, పెళ్లి

బడి మూసేస్తే మధ్యాహ్న భోజనం ఆగుతుంది. కరోనా రోజుల్లో ఆంధ్రలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు ఇచ్చారు. సరుకు ఇచ్చే రోజును కలిసే రోజుగా వాడుకోండి. టోకెన్ సమయాలు ఇచ్చి, ఆవాసం వారీగా రమ్మనండి. పిల్లను చూసి, పత్రిక తీసుకుని, లైబ్రరీ పుస్తకం మార్చి పంపండి. వంట చేసే అక్కల్ని ఆ రోజు తప్పకుండా పిలవండి. ఏ పిల్ల చిక్కిపోయిందో వాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. వాళ్ల బతుకూ ఆగిందని గుర్తుంచుకోండి. ప్రైవేటు బడుల టీచర్లదీ అదే పరిస్థితి. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చేదాకా వచ్చింది. ఆయాలు, బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు కూడా బడి కుటుంబమే. వాళ్ల పేర్లూ ఫోన్ల పుస్తకంలో రాయండి.

పనికి వెళ్లే పిల్లల గురించి కఠినంగా మాట్లాడటం తేలిక. కూలి ఆగిపోయిన ఇంట్లో పదమూడేళ్ల పిల్లాడు తెచ్చే రెండొందలు అన్నమే. అందుకే ముందు ఆ ఇంటికి రేషన్, ఉపాధి హామీ పని అందుతున్నాయో లేదో చూడండి. ఆ తర్వాత పిల్లాడితో మాట తెగకుండా చూడండి. సాయంత్రం ఫోన్, ఆదివారం జోడీ. మాట తెగని పిల్లాడు బడి తెరిచాక తిరిగి వస్తాడు. పత్తి విత్తన చేలకు, ఇటుక బట్టీలకు మేస్త్రీ గుంపులుగా తీసుకెళ్తుంటే మాత్రం అది ఒక ఇంటి కష్టం కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సిందే.

పెళ్లి విషయంలో ఆగే పని లేదు. బడి మూత, ఖర్చు తక్కువ, పిలవాల్సిన జనం తక్కువ. తొమ్మిది, పది చదివే ఆడపిల్లలకు ఇదే అదనుగా సంబంధాలు చూస్తారు. వారం వారం ఫోన్‌లో "పాప ఊరెళ్లింది" అన్న జవాబు రెండుసార్లు వస్తే మేడమ్ ఒకరు ఇంటికి వెళ్లాలి. 18 ఏళ్లలోపు పెళ్లి నేరమని చెప్పడం కన్నా, "పదో తరగతి అయితే గురుకులంలో ఇంటర్ సీటు వస్తుంది, నేను దగ్గరుండి చూస్తాను" అని చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది. వినకపోతే 1098. ఫోన్ చేసింది ఎవరో బయటపెట్టరు. ఆ పిల్ల జోడీకి అందరికన్నా ముందు తెలుస్తుంది కాబట్టి, ఈ నంబర్ పిల్లలందరికీ నోటికి రావాలి.

ఏడో పని: ఇంట్లో మరణం జరిగితే

దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించి పెట్టుకోరు. 2021 ఏప్రిల్, మే నెలల్లో చాలా బడులకు ఒక్కసారిగా మీద పడింది.

కబురు తెలిసిన రోజునే ఆ పిల్ల బాధ్యత ఉన్న టీచర్ ఫోన్ చేయాలి. ధైర్యం చెప్పాలని ప్రయత్నించకండి. "విన్నానమ్మా. చాలా బాధగా ఉంది. నేను రేపు మళ్లీ ఫోన్ చేస్తాను" అంటే చాలు, రేపు నిజంగా చేయాలి. "ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు" అని పన్నెండేళ్ల పిల్లాడితో అనకండి. మన ఊళ్లలో ప్రేమతోనే అనేస్తారు, ఆ బరువు వాడు ఏళ్ల తరబడి మోస్తాడు. తరగతి గ్రూపులో ఫొటో పెట్టి వరసగా దండం బొమ్మలు పెట్టించడం కన్నా, స్నేహితులు ఒక్కొక్కరు చీటీ రాసి పంపేలా చూడండి. ఏం రాయాలో తెలియక తికమకపడే పిల్లలకు "నువ్వు గుర్తొస్తున్నావు, నీకోసం నోట్సు రాసి పెడుతున్నాను" అన్న మాట చెప్పండి.

కాగితాల పని బడిదే. కరోనా కాలంలో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలకు పీఎం కేర్స్ పథకం కింద 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షల రూపాయలు అందేలా ఏర్పాటు చేశారు. ఇలాంటి పథకం ఏది వచ్చినా స్టడీ సర్టిఫికెట్, పుట్టిన తేదీ, మరణ ధ్రువపత్రం అడుగుతారు. దుఃఖంలో ఉన్న ఆ అమ్మమ్మ ఆఫీసుల చుట్టూ తిరగలేదు. బడి ఒక మనిషిని పక్కన పంపాలి. పిల్ల తిండి మానేసినా, నిద్ర లేకపోయినా, చావు మాటలు మాట్లాడినా డాక్టర్‌కి చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎనిమిదో పని: పదో తరగతి వాళ్ల వీడ్కోలు

2020 జూన్‌లో రెండు రాష్ట్రాలూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశాయి. ఆ బ్యాచ్ పిల్లలకు పూర్తి పరీక్ష లేదు, ఫేర్‌వెల్ లేదు, చొక్కాల మీద సంతకాలు లేవు. పరీక్ష రాయకుండా పాసైన బ్యాచ్ అని జనం అన్న మాట ఇంకా కొందరి మనసులో ఉంది. బడి మూతలో ఉన్నా వీడ్కోలు మానొద్దు. టీసీ తీసుకునే రోజును అందుకు వాడండి. పది నిమిషాల తేడాతో ఒక్కొక్కరినీ రమ్మని, ఆఫీసు గదిలో కాగితం చేతిలో పెట్టి పంపకుండా, వరండాలో టీచర్లందరూ నిలబడి, ఆ పిల్ల గురించి ఒక్కొక్కరు ఒక మాట చెప్పి ఇవ్వండి. తొమ్మిదో తరగతి వాళ్లు రాసిన ఉత్తరం ఒకటి టీసీతోపాటు కవర్లో పెట్టండి.

తొమ్మిదో పని: తలుపులు తెరిచాక

మొదటి రోజే సిలబస్ మొదలుపెట్టొద్దు. 2020 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, బడి తెరిచిన రెండు మూడు వారాల దాకా పరీక్షలు పెట్టొద్దని ఉంది. మొదటి వారం ఉదయం పూట, ఇళ్ల మధ్య తిరిగిన చేతిరాత పత్రికలన్నీ వరండాలో పరచండి. ఊరి చరిత్ర చదివించండి. ఎవరు ఏం రాశారో చూసుకుంటూ పిల్లలే మాటల్లో పడతారు.

మాట్లాడని పిల్లల్ని లేపి మాట్లాడించకండి. ఏడాదిపాటు నలుగురిలో కూర్చోకుండా గడిపిన వాళ్లకు బెంచీ మీద పక్కన మనిషి ఉండటమే అలవాటు తప్పి ఉంటుంది. గొడవలూ పెరుగుతాయి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు వరసలో నిలబడటం, మూత్రానికి అడిగి వెళ్లడం దగ్గర్నుంచి నేర్పాలి. ప్రైవేటు బడి ఫీజు కట్టలేక మారి వచ్చిన పిల్లలకు ఎందుకు మారావని ఎవరూ అడగకుండా చూడండి, వాళ్లకూ ఒక జోడీ ఇవ్వండి.

మొదటి శనివారానికి ఫోన్ల పుస్తకం తీసి హాజరుతో సరిచూడండి. రాని వాళ్ల పేర్లు ఆవాసం వారీగా రాసి, ఆ వీధి టీచర్, కమిటీ సభ్యుడు కలిసి వెళ్లండి. రెండో వారం దాటితే వెనక్కి తేవడం కష్టం.

తెరిచామని పుస్తకం పక్కన పడేయొద్దు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరిచిన బడులు మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. 2022 జనవరిలో ఇంకోసారి మూసి, ఫిబ్రవరి 1న తెరిచారు. ఏటా జూన్‌లో అడ్మిషన్లు అయ్యాక ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకోసారి క్లాస్ టీచర్ ప్రతి నంబర్‌కూ ఫోన్ చేసి, మోగనిది కొట్టేసి కొత్తది రాయాలి. ఆ రెండు తేదీలూ బడి వార్షిక ప్రణాళికలో చేర్చి, తల్లిదండ్రుల కమిటీ మినిట్స్ పుస్తకంలో సంతకాలతో నమోదు చేయించండి.